వెనక టగ్గు

సరంగు గారు పోయారని నాకు ఫోన్ చేసి చెప్పింది పోర్టులో లాంచి నడిపే ఒక పాత స్నేహితుడు. మంగళవారం పొద్దున్న, పరుగుకి వెళ్దామని షూ లేసులు కట్టుకుంటున్నాను. "తెల్లారగట్లంట సార్. ఇయ్యాల డయాలిసిస్‌కి తీస్కెల్లాలంట, ఈలోగానే..." అన్నాడు. నేను "అలాగా" అన్నాను. ఒక కాలికి షూ, ఒక కాలు వట్టిది. మా ఆవిడ వచ్చి కాఫీ చల్లారిపోయిందని చెప్పి, నా మొహం చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు పోర్టులో నాకు తెలిసి ఎవరూ లేరు. పెద్ద ఓడల్ని లాగే టగ్గు పడవ మీద సరంగు, అంటే డెక్కు మీద తాళ్ల పనీ, ఆ పని చేసే మనుషులూ ఆయన చేతి కింద ఉంటారు. యారాడ ఆయన సొంతూరు. నేను మెరైన్ ఆఫీసులో డ్యూటీ చార్టులు రాసే గుమస్తాని. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పోర్టు పక్కనున్న మల్కాపురంలో పుట్టి పెరిగినా మా ఇంట్లో మాట మాత్రం గోదావరి మాటే.

తొంభైల మధ్యలో నాకు ముప్పై నాలుగేళ్లు. మా ఆఫీసు రెండో అంతస్తులో ఉండేది. ఒకరోజు మెట్లెక్కి పైకొచ్చి, గోడకి చెయ్యి ఆన్చి రొప్పుతున్నాను. చార్టు చూసుకోవడానికి వచ్చిన సరంగు గారు నన్ను పైనుంచి కిందకి చూశారు.

"ఏటి బావా, నాలుగు మెట్లకే పాత ఇంజను నాగ పొగ వొదిలేత్తన్నావు?"

నాకు ఒళ్లు మండింది. పదిహేనేళ్లు పెద్దవాడు, పరిచయం లేనివాడు, నన్ను బావ అంటాడా అని. మా గోదావరి వైపు బావ అంటే బావే. అక్క మొగుడో, మేనత్త కొడుకో అయి ఉండాలి. "నేను మీకు ఏ వరసన బావనండి?" అని అడిగాను కాస్త బిగుసుకుని. ఆయన ఏమాత్రం తగ్గలేదు. "రేపు పొద్దున్న అయిదింటికి సిందియా జంక్షన్ కాడికి రా. వొరసలు తోవలో సూసుకుందారి" అన్నారు. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ చెప్పలేను. వెళ్లాను. కొండ ఘాట్ మొదటి మలుపు దాకా కూడా పరిగెత్తలేక రోడ్డు పక్కన కూలబడి, పొద్దున్నే తాగిన కాఫీ కక్కేశాను. ఆయన పక్కన నిలబడి, "బాగున్నాది, నీకు సిగ్గున్నాది. రేపు మళ్లీ వొస్తావు" అన్నారు.

ఆయన ఎప్పుడూ వెనకాలే పరిగెత్తేవారు. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే నా కథంతా ఇక్కడే ఉంది. పెద్ద ఓడ హార్బరు లోపలికి వచ్చేటప్పుడు దానికి ముందొక టగ్గు, వెనకొక టగ్గు కడతారు. ముందు టగ్గు లాగుతుంది. చూసేవాళ్లందరూ దాన్నే చూస్తారు. వెనక టగ్గు తాడు బిగించి పట్టుకుని, ఓడ తొందరపడి గట్టుకి కొట్టుకోకుండా ఆపుతూ వస్తుంది. సరంగు గారు ఎక్కువ కాలం చేసింది వెనక టగ్గు మీద. పరుగులోనూ అదే పద్ధతి పెట్టారు.

"ముందు పరిగెట్టీవోడికి ఒళ్లు తెలీదు బావా. కొత్తోడికి మరీని. అందుకే నాను ఎనకుంటాను. నా అడుగు ఇనపడ్డంత సేపు మనిద్దరి మద్దిన తాడున్నట్టే. ఇనపడ్డం మానీసిందనుకో, తాడు తెగినట్టు. అప్పుడేటి సెయ్యాల?"

"వేగం తగ్గించాలి."

"తగ్గించడం కాదు, ఇంజను ఆపీయాల. నాను వొచ్చీదాకా."

ఆయన అడుగుల్ని గుర్తుపట్టడం కష్టం కాదు. కుర్రతనంలో ఓడ తాడు తెగి ఎడమ చీలమండకి కొట్టింది. ఎముక సరిగ్గా అతుక్కోలేదు. అందుకని ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెత్తగా పడేది. ఆ కుంటి తాళాన్ని వింటూ నేను మూడేళ్లు పరిగెత్తాను. ఖనిజం లారీలు పోయే రోడ్డు మీద ఎర్ర దుమ్ములో, వానలో, ఎదురుగాలిలో ఆ చప్పుడు విన్నాను. లక్షమంది పరిగెత్తినా ఆ కాళ్లేవో నేను చెప్పగలను. ఈ మాట గుర్తుంచుకోమని పాఠకుల్ని కోరుతున్నాను.

ఊపిరి సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఆయన ఇంకో ఉపాయం వాడేవారు. మైలుకోసారి వెనకనుంచి, "ఇయ్యాల ఏటి కూర బావా?" అని కేక వేసేవారు. నేను ఒక్క ఊపిరిలో "వంకాయ కొత్తిమీర కారం" అనగలిగితే వేగం సరిపోయినట్టు. "వంకా..." దగ్గర ఆగిపోతే ఎక్కువైనట్టు. ఒక్కోసారి నాకు కూర సంగతి తెలిసేది కాదు. మా ఆవిడని పొద్దున్నే లేపి కూర ఏమిటని అడిగేవాణ్ని. "నాలుగు కాకముందే లేచి కూర అడిగే మొగుడు నాకే దొరికాడు" అని ఆవిడ దుప్పటి ముసుగేసుకునేది.

ఆదివారాలు ఘాట్ ఎక్కి, కొండ అవతల యారాడలో దిగేవాళ్లం. అప్పటికి ఆయన కాపురం మల్కాపురంలోనే అయినా, ఆదివారాలు ఆయన భార్య ఊళ్లోని పాత ఇంట్లో ఉండేది. పెద్ద లోటాల్లో చోడి అంబలి, అంటే రాగి జావ, పోసి, నంచుకోవడానికి ఉల్లిపాయ పెట్టేది. ఆయన నన్ను బావని చేశాక ఆమెని అక్కా అనక తప్పలేదు. ఆమె నన్ను తమ్ముడూ అంది. గోదావరి మనిషిని, అంబలి మొదటిసారి ముక్కు మూసుకుని తాగాను. తర్వాత రెండో లోటా నేనే అడిగేవాణ్ని.

చెప్పుకోదగ్గ చదువు లేదు ఆయనకి. కానీ పరుగు గురించి ఆయన అన్నవి ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. "నొప్పి కబురు సెప్తాది, ఆర్డరెయ్యదు" అనేవారు. "ఎవుడ్నో దాటాలని పరిగెడితే ఆడి పరుగు నువ్వు పరిగెడతన్నట్టు" అనేవారు. పోర్టు క్రీడల్లో ఆయనకి బహుమతి వచ్చినట్టు నాకు గుర్తులేదు. ఆ చీలమండతో రావడం కూడా కష్టమే. కానీ నలభై రెండు కిలోమీటర్లు ఒకసారి పూర్తిగా పరిగెత్తాలని మాత్రం ఆయనకి గాఢంగా ఉండేది. ఒంటరిగా కాదు. "నిన్ను సివరికంటా అందించీసి, నీ ఎనకాల నానూ అందుకుంటాను" అనేవారు.

ఆ అవకాశం మా ఊళ్లోనే వచ్చింది. బీచ్ రోడ్డులో మొదలుపెట్టి, భీమిలి దారిలో మంగమారిపేట దాటాక వెనక్కి తిరిగి, మళ్లీ బీచ్ రోడ్డుకే రావాలి. శివరాత్రి వెళ్లిన ఆదివారం. తెల్లవారుజామునే మొదలవ్వాల్సింది, ముఖ్య అతిథి రావడం ఆలస్యమై ఎండెక్కాక జెండా ఊపారు. సరంగు గారు ఆకాశం చూసి, "ఇయ్యాల టైము గీము వొద్దు బావా. నాలుగున్నర గంటలైనా పల్లేదు. తాడు మాత్రం వొదలకు" అన్నారు.

వెనక్కి తిరిగేదాకా అంతా బాగుంది. కూర అడిగారు, చెప్పాను. మళ్లీ అడిగారు, మళ్లీ చెప్పాను. తిరిగాక నా కాళ్లు నావి కానట్టు తేలిపోసాగాయి. గడియారం చూసుకుని లెక్క వేసుకున్నాను. ఇలాగే పోతే నాలుగు గంటల లోపు చేరతాను! రెండో అంతస్తు మెట్లెక్కలేనివాణ్ని. నా ముందు పసుపు బనీను వేసుకున్న ఒకతను పోతున్నాడు. అతన్ని దాటాలనిపించింది. ఎండ నడినెత్తికి వస్తోంది. సాగర్‌నగర్ దగ్గర వెనకనుంచి, "ఏటి కూర బావా?" అని వినిపించింది. ఆ గొంతు ఎప్పటిలా లేదు, నీరసంగా ఉంది. నేను జవాబు చెప్పలేదు. మాటకి ఊపిరి ఖర్చు చెయ్యడం ఇష్టం లేక.

ఆయన మళ్లీ అడగలేదు.

ఇంకొంచెం దూరం పోయాక, అడుగులు ఆగిపోయాయి. గట్టి అడుగు పడింది, దాని తర్వాత పడాల్సిన మెత్తని అడుగు పడలేదు. నాకు తెలిసింది. నేను అలసిపోయి ఉన్నాననీ, సముద్రం హోరులో వినపడలేదనీ చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ క్షణంలో నా వెనక ఎవరూ లేరని నా మెడ వెనక చర్మానికి కూడా తెలిసింది. ఆగాలి. మూడేళ్లుగా ఆయన నాకు నేర్పింది ఆ ఒక్క పనే. నేను పసుపు బనీను వైపు చూసి వేగం పెంచాను.

మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాలు. ఎవరో మెడలో పతకం వేశారు. ఎవరో ఫోటో తీశారు. ఆ ఫోటోలో నేను నవ్వుతున్నాను. ముగింపు గీత దగ్గరే అరటిపండు తింటూ నిలబడ్డాను. "మీ సరంగు రాలేదా?" అని ఎవరో అడిగితే, "వస్తారు, ఆయన మెల్లగా వస్తారు" అన్నాను. అరగంట గడిచింది. పసుపు బనీను అతనితో చేతులు కలిపి, నీళ్లు తాగి, గంట అయ్యాక గానీ వెతకడానికి కదల్లేదు.

ఆయన జోడుగుళ్లపాలెం ఇవతల సరుగుడు చెట్ల పక్కన పడిపోయారు. తర్వాత తెలిసిన దాన్ని బట్టి అరగంట దాకా ఎవరూ చూడలేదు. మాకు వెనక ఉన్నవాళ్లు చాలా దూరంలో ఉన్నారు. ఆటోలో చేపలు తీసుకెళ్తున్న ఆడవాళ్లు చూసి ఆపారు. మనిషి ఒళ్లు పెనంలా కాలిపోతుంటే, వాళ్లు గంపల్లో ఐసంతా తీసి ఆయన మీద పోసి, అదే ఆటోలో ఆసుపత్రికి తెచ్చారు. ప్రాణం నిలబడింది వాళ్ల పుణ్యాన. కిడ్నీలు మాత్రం బాగా దెబ్బతిన్నాయి. "ఒక పావుగంట ముందు చల్లబరిచి ఉంటే వేరుగా ఉండేది" అన్నారు డాక్టరు గారు, ఎవరి వైపూ చూడకుండా. పావుగంట అనే మాట నాకు అప్పట్నుంచీ మామూలు మాట కాదు.

మూడో రోజు ఆయనకి మాట్లాడే ఓపిక వచ్చింది. మంచం పక్కన అక్క ఉంది. నన్ను చూడగానే, "ఎంతలో అందుకున్నావు బావా?" అని అడిగారు. చెప్పాను. ఆయన మొహం నిజంగా వెలిగింది. "ఓలమ్మ! నాలుక్కి లోపలే!" అని భార్య వైపు తిరిగి గొప్పగా చెప్పారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"నా అడుగులు ఎక్కడిదాకా ఇనపడ్డాయి?"

"చివరిదాకా మీరు వెనకాలే ఉన్నారనుకున్నానండి" అన్నాను. "వేరే ఎవరివో అడుగులు... మీవే అనుకున్నాను."

లక్షమందిలో గుర్తుపట్టగల అడుగులు అని ఇందాక రాశాను. ఆ సంగతి నాకెంత తెలుసో ఆయనకీ అంతే తెలుసు. నా కళ్లలోకి ఒక్క క్షణం చూసి, "అలాగేటి" అన్నారు. "సరే మరి. నువ్వేటైనా తిన్నావా?"

మెడికల్ బోర్డు ఆయన్ని టగ్గు నుంచి దింపేసింది. గోడౌనులో ఒక స్టూలు మీద కూర్చుని తాళ్ల చుట్టలు ఇచ్చిపుచ్చుకునే పని ఇచ్చారు. సముద్రం కనపడని చోటు అది. ఏడాది కూర్చుని, ముందుగానే రిటైరై, యారాడ పాత ఇంటిని బాగుచేసుకుని వెళ్లిపోయారు. ఎవరైనా ఆ రోజు సంగతి ఎత్తి నా వైపు ఒకలా చూస్తే, "ఆడికేటి తెల్సు? ఎవుడో ఎనక పరిగెట్టేడు, నానే అనుకున్నాడు" అని ఆయనే నా అబద్ధాన్ని అందరికీ చెప్పేవారు. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఎవరూ వెయ్యలేరు.

నేను మళ్లీ పోటీల్లో దిగలేదు. కానీ పరుగు మానలేకపోయాను. ఇప్పుడు బీచ్ రోడ్డు పొద్దున్నే తిరునాళ్లలా ఉంటుంది. మధురవాడ నుంచి రంగురంగుల షూలు వేసుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని పిల్లలు వస్తారు. నేను చెవుల్లో ఏమీ పెట్టుకోను. సరుగుడు తోపు దగ్గరకి వచ్చేసరికి నా వెనక మొదలవుతాయి. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. మొదట్లో ఉలిక్కిపడి ఆగి పక్కకి జరిగేవాణ్ని, దాటిపోనిద్దామని. ఎవరూ దాటరు. మళ్లీ పరిగెత్తితే మళ్లీ వస్తాయి. భయం అంటే భయమే, కాదనను. కానీ అవి రాని రోజు అంతకన్నా ఎక్కువ భయమేస్తుంది. అవి మొదలైనప్పటికి ఆయన బతికే ఉన్నారు. బతికున్న మనిషి అడుగులు అలా వెంటాడటం ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు.

దాదాపు పదేళ్లు, ప్రతి ఆదివారం స్కూటర్ మీద యారాడ వెళ్లాను. ఘాట్ ఎక్కుతున్నంతసేపూ ఒకే వాక్యం తయారు చేసుకునేవాణ్ని. 'ఆ రోజు మీ అడుగులు ఆగడం నాకు తెలిసిందండి. తెలిసీ ఆగలేదు.' ఇంతే. మొదటి మలుపు దగ్గర అది గట్టిగా ఉండేది. కొండ దిగేసరికి నీరుగారిపోయేది. గేటు తీసేసరికి, "ఈసారి చేపలు బాగా పడుతున్నాయటండీ?" అని నా నోట్లోంచి వచ్చేది. టీ తాగేవాళ్లం. ఏ ఓడ వచ్చిందో, ఏ హార్బరు పైలట్ రిటైరయ్యాడో మాట్లాడుకునేవాళ్లం. ఆయన మొహం ఉబ్బేది, తగ్గేది. డయాలిసిస్ మొదలయ్యాక చెయ్యి చూపించి, "ఇదిగో బావా, నాకూ పైపులేసీసేరు" అని నవ్వేవారు. నేను కూడా నవ్వేవాణ్ని. ఆ నవ్వులు ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆయన పోయిన రోజు వెళ్లాను గానీ, జనంలో నిలబడి వచ్చేశాను. దినాలు అయిపోయాక వచ్చిన ఆదివారం, చేతులు అలవాటుగా స్కూటర్ తీశాయి. అక్క వాకిట్లో ఎండు చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి, "రా తమ్ముడూ" అని చేతులు కడుక్కుంది. ఈసారి నేను చేపల గురించి అడగలేదు. నిలబడే చెప్పాను.

"అక్కా, ఆ రోజు ఆయన అడుగులు ఆగిపోవడం నాకు తెలిసింది. వేరే ఎవరివో అని చెప్పింది అబద్ధం. తెలిసే ఆగలేదు."

ఆమె చెయ్యి తుడుచుకుంటూ నా వైపు చూసింది. ఆశ్చర్యపోలేదు.

"ఆయనకి తెల్సు తమ్ముడూ. ఆసుపత్రిలో నువ్వు అటెల్లగానే నాతోటి అనీసేరు. 'ఆడికి తెల్సే. సిగ్గు పడతన్నాడు. సెప్తాడు, కాసింత టైము పడతాది' అని."

"మరి... నన్నెప్పుడూ అడగలేదే?"

"అడిగి సెప్పించుకుంటే అది నువ్వు సెప్పినట్టేటి? ప్రెతి ఆదోరం నీ బండి ఘాట్ దిగతంటే, 'ఇయ్యాల సెప్తాడు సూడు' అనీవోరు. నువ్వెల్లిపోనాక, 'ఇయ్యాల కూడా నేదే' అని నవ్వీవోరు." ఆమె కొంగు దులుపుకుంది. "ఈ ఏడాది మరి నవ్వడం మానీసేరు."

"నా మీద కోపంగా ఉండేదా అక్కా?"

"నువ్వు ఆగనందుక్కాదు. 'ఆ వొయిసులో నానైనా ఆగను' అనీవోరు. నీ నోటమ్మట ఒక్కసారి ఇనాలని ఉండీది, అంతే. ఇదిగో, ఇక్కడే కూకునీవోరు."

ఆమె చూపించిన వైపు చూశాను. వరండా చివర నీలం ప్లాస్టిక్ కుర్చీ. పదేళ్లుగా చూస్తున్నదే. సముద్రం మీద బతికిన మనిషి, ఇంటికి అటువైపు అంత సముద్రం పెట్టుకుని, కుర్చీని మాత్రం కొండ వైపు తిప్పి వేసుకున్నారు. అది నేను ఎన్నడూ గమనించలేదు. "నీ బండి ఒక్కో మలుపు కాడా కనపడి, మళ్లీ పోతాది కదా. ఆ పై మలుపు దాటిందాకా సూసీవోరు" అంది అక్క.

టీ తాగమంది. తాగలేకపోయాను. స్కూటర్ ఎక్కి బయలుదేరాను. మొదటి మలుపు తిరిగాను, రెండోది తిరిగాను. పై మలుపు దగ్గర బండి ఆపి, దిగి, వెనక్కి తిరిగి చూశాను. పదేళ్లలో అదే మొదటిసారి. అక్కణ్నుంచి వరండా ఇంత స్పష్టంగా కనపడుతుందని నాకు తెలియదు. ఏ ఆదివారమైనా ఒక్కసారి తిరిగి చూసి ఉంటే, ఆయన కనపడి ఉండేవారు. అక్క వరండాలోకి వచ్చింది. కాసేపు నా వైపే చూస్తూ నిలబడి, తర్వాత ఆ కుర్చీని ఎత్తి లోపలికి తీసుకెళ్లిపోయింది.